మియాటా ఎన్‌డీ: ఎడిషన్ చూసి కొనాలా, ఏడాది చూసి కొనాలా

మాజ్దా ఎంఎక్స్-5 నాలుగో తరం కారును ఓనర్లంతా ఎన్‌డీ అంటారు. 2015లో హిరోషిమా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. జపాన్‌లో రోడ్‌స్టర్ పేరుతో, అమెరికాలో మియాటా పేరుతో అమ్ముతారు. ఇండియాలో మాజ్దా కార్లు అమ్మరు కాబట్టి ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికాలో ఉంటూ, ఇంట్లో పెద్ద కారుకు తోడు రెండు సీట్ల కారు ఒకటి కొనుక్కుందామనుకునే మనవాళ్ల కోసం. నా దగ్గరున్నది 2019 క్లబ్ వేరియంట్, సాఫ్ట్‌టాప్ (గుడ్డ టాప్), మాన్యువల్ గేర్లు. టెక్సస్ ఎండల్లో ఏళ్ల తరబడి రోజువారీ నడుస్తున్న బండి. తోటి ఓనర్ల ఆర్‌ఎఫ్ (మోటారుతో మడిచే గట్టి టాప్ రకం), 30వ వార్షికోత్సవ కారు కూడా నడిపి చూశాను.

సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో అందరి కళ్లూ ముందు లిమిటెడ్ ఎడిషన్ అన్న మాట మీదే పడతాయి. ఈ కారు విషయంలో ఆ వరుస తప్పు. ముందు ఏడాది చూడాలి, తర్వాత కింద బిగించిన సామాను (డిఫరెన్షియల్, షాక్ అబ్జార్బర్లు లాంటివి), ఆ తర్వాత టాప్ రకం. ఎడిషన్ పేరు చివరన చూసుకోవచ్చు.

ఏడాది అంత ముఖ్యం ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే ఈ కార్లలో ఇంజిన్ రెండు రకాలు. అమెరికా కార్లన్నింటికీ రెండు లీటర్ల ఇంజినే. 2016 నుంచి 2018 దాకా అది 6,000 ఆర్‌పీఎం దగ్గర 155 హార్స్‌పవర్ ఇచ్చేది, రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) 6,800. 2019లో అదే ఇంజిన్ లోపలి భాగాలు మార్చారు. ఒక్కో పిస్టన్ బరువు 27 గ్రాములు, ఒక్కో కనెక్టింగ్ రాడ్ బరువు 41 గ్రాములు తగ్గించారు. థ్రాటిల్ బాడీ, ఎగ్జాస్ట్ వాల్వులు పెద్దవి చేశారు. దాంతో పవర్ 7,000 ఆర్‌పీఎం దగ్గర 181కి, రెడ్‌లైన్ 7,500కి చేరాయి. లెక్కలో 26 హార్స్‌పవరే. నడిపితే మాత్రం తేడా చాలా పెద్దది. పాత ఇంజిన్ ఆరు వేలు దాటగానే ఇక గేరు మార్చమంటుంది. కొత్తది సరిగ్గా అక్కడే ఊపందుకుంటుంది. హైవే ర్యాంపు మీద రెండో గేరు నుంచి మూడోదానికి మార్చేటప్పుడు ఆ అదనపు ఏడువందల ఆర్‌పీఎం ఎంత పని చేస్తుందో ప్రతిసారీ తెలుస్తుంది. స్టీరింగ్‌ను ముందుకూ వెనక్కూ 30 మిల్లీమీటర్లు జరుపుకునే వీలు కూడా 2019లోనే వచ్చింది. కాళ్లు పొడుగున్నవాళ్లకు ఇది హార్స్‌పవర్ కంటే ముఖ్యం. అంతకు ముందు కార్లలో కాళ్లకు సరిపడా సీటు జరిపితే చేతులు పూర్తిగా చాచాల్సి వచ్చేది.

2022లో కైనమాటిక్ పోశ్చర్ కంట్రోల్ అని ఒకటి చేర్చారు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు వెనక లోపలి వైపు చక్రానికి సన్నగా బ్రేకు పట్టి, కారు వెనక భాగం పైకి లేవకుండా ఆపుతుంది. కొత్త పార్టు ఏదీ లేదు, సాఫ్ట్‌వేరే కాబట్టి బరువు పెరగలేదు. 2024లో 8.8 అంగుళాల స్క్రీన్, కొత్త హెడ్‌లైట్లు, రాపిడి తగ్గించిన స్టీరింగ్ ర్యాక్ వచ్చాయి. మాన్యువల్ క్లబ్, గ్రాండ్ టూరింగ్‌లకు మెరుగుపరిచిన డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచేది), ట్రాక్ మోడ్ కూడా ఇచ్చారు. బడ్జెట్ ఉంటే 2024 తర్వాతిది తీసుకోండి. లేకపోతే 2019 దగ్గర ఆగండి. ధర బాగా తక్కువైతే తప్ప అంతకంటే వెనక్కి వెళ్లొద్దంటాను.

దానికి కారణం ఒక్క ఇంజినే కాదు, గేర్‌బాక్సు కూడా. బరువు తగ్గించడం కోసం ఈ కారు గేర్‌బాక్సును ఎంతో తేలిగ్గా కట్టారు. మొదటి ఏడాదుల కార్లలో రెండు, మూడు గేర్ల దగ్గర సమస్యలు రావడం, లోపలి భాగాలను పలుమార్లు మార్చడం ఓనర్లందరికీ తెలిసిన సంగతే. క్లచ్ ఒక్కసారిగా వదిలి టైర్లు తిప్పడం, గేరును బలంగా కొట్టి వేయడం దీనికి అస్సలు పడవు. పాత కారు చూడటానికి వెళ్తే చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, రెండో గేరులో 3,000 నుంచి 5,000 ఆర్‌పీఎం దాకా లాగి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. లాగినప్పుడైనా వదిలినప్పుడైనా గరగర శబ్దం వినిపించినా, గేరు న్యూట్రల్‌లోకి జారినా బేరం ఆడకండి, వచ్చేయండి.

ఇక వేరియంట్లు. స్పోర్ట్‌కు 16 అంగుళాల రిమ్ములు, 195/50 టైర్లు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందేలా చూసేది) ఉండదు. క్లబ్ మాన్యువల్‌లో 17 అంగుళాల రిమ్ములు, 205/45 టైర్లు, లిమిటెడ్ స్లిప్, బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లు, బానెట్ కింద షాకులను పైన బిగించే రెండు టవర్లనూ కలిపే కడ్డీ (బ్రేస్) ఉంటాయి. గ్రాండ్ టూరింగ్‌లో లెదర్, వేడెక్కే సీట్లు, ఆటోమేటిక్ ఏసీ లాంటి సుఖాలు. దీంతో చిక్కేమిటంటే 2019లో లిమిటెడ్ స్లిప్, బిల్‌స్టీన్లు కావాలంటే జీటీ-ఎస్ ప్యాకేజీ విడిగా తీసుకోవాలి. ప్రకటనలో ఊరికే గ్రాండ్ టూరింగ్ అని ఉంటే ఆ ప్యాకేజీ ఉందో లేదో పాత విండో స్టిక్కర్ (కొత్త కారు అద్దానికి అంటించే సామాను, ధరల జాబితా) తెప్పించుకుని చూడండి.

క్లబ్ బిల్‌స్టీన్ల గురించి ఒక మాట. గట్టి షాకులు అనగానే కారు మలుపుల్లో వంగదనుకుంటారు. ఎన్‌డీ బాగానే వంగుతుంది, స్ప్రింగులు మెత్తనివి. ఆ వంపు అదుపు తప్పకుండా చూడటమే బిల్‌స్టీన్ల పని. రోడ్డు బాగా లేని ఊళ్లో ఉండేవాళ్లకు స్పోర్ట్ 16 అంగుళాల రిమ్ములే హాయి. గుంతలో పడ్డప్పుడు టైరు పక్కగోడ కాస్త మందంగా ఉంటే రిమ్ము వంగదు, పైగా టైర్లూ చవక. నన్నడిగితే అన్నిట్లోకీ మంచి కలయిక క్లబ్ సామాను, 16 అంగుళాల తేలిక రిమ్ములు. బోల్టు వరుస 4x100 కాబట్టి బయట రిమ్ములు బోలెడు దొరుకుతాయి. బ్రెంబో బ్రేకులున్న కారైతే రిమ్ము ఊచలు బ్రేకు క్యాలిపర్‌కు (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగానికి) తగులుతాయేమో ముందే ఒకటి బిగించి తిప్పి చూడాలి.

ఎడిషన్లలో అందరూ వెతికేది 30వ వార్షికోత్సవ కారు. 2019 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించారు. ప్రపంచం మొత్తానికి 3,000 కార్లు, అమెరికా వాటాకు మొదట ఇచ్చినవి 500. రేసింగ్ ఆరెంజ్ రంగు, రేస్ (Rays) అనే కంపెనీ ఫోర్జ్‌డ్ రిమ్ములు, రెకారో సీట్లు, ముందు బ్రెంబో క్యాలిపర్లు, బాడీ మీద వరుస సంఖ్య చెక్కిన చిన్న బిళ్ల. అదే ఏడాది క్లబ్‌తో పోలిస్తే ఇంజిన్‌లో గానీ గేర్‌బాక్సులో గానీ మార్పేమీ లేదు. బ్రెంబోలు కూడా క్లబ్‌లో బీబీఎస్ కంపెనీ రిమ్ములతో కలిపి ప్యాకేజీగా దొరికినవే. తర్వాత అదే ప్యాకేజీలో రెకారో సీట్లు కూడా చేర్చారు. అంటే ఆ కారుకు మాత్రమే సొంతమైనవి రంగు, రిమ్ములు, బిళ్ల. నడిపేటప్పుడు తేడా తెలిసేది సీట్లతోనే. నడుమునూ భుజాలనూ గట్టిగా పట్టి ఉంచుతాయి. భుజాలు వెడల్పున్నవాళ్లు మాత్రం కొనే ముందు కనీసం అరగంట కూర్చుని చూడాలి. పైభాగం లోపలికి నొక్కుతుంది, సీటు ఎత్తు మార్చుకునే వీలుండదు.

ఈ కారులో ఎవరూ చెప్పని ఖర్చు రంగుది. రేసింగ్ ఆరెంజ్ ఈ ఎడిషన్‌కే చేసిన రంగు. ముందు బంపర్ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి హైవే మీద చిన్న రాళ్ల దెబ్బలు తప్పవు. బంపర్‌కు మళ్లీ రంగు వేయిస్తే పక్కనున్న ఫెండర్‌లోకి కలుపుకుంటూ వేయాలి, లేకపోతే ఎండలో రెండు రంగుల తేడా కనిపిస్తుంది. ఆ రంగు ముందెన్నడూ కలిపి ఎరగని షాపుకు ఇవ్వకండి. అలాంటి కారు కొంటే మొదటి రోజే ముందు భాగమంతా పారదర్శక పెయింట్ ఫిల్మ్ వేయించాలి. సోల్ రెడ్ క్రిస్టల్ రంగు మామూలు కార్లలోనూ ఉంటుంది గానీ, మూడు పొరలుగా వేసే రంగు కాబట్టి దానితోనూ ఇదే తంటా. ఇక రిమ్ము ఒకటి ఫుట్‌పాత్ అంచుకు కొడితే అలాంటిదే ఇంకొకటి దొరకడం కష్టం. రోజూ నడపాలనుకునేవాళ్లు ఆ నాలుగు రిమ్ములూ తీసి భద్రంగా దాచి, వేరే సెట్టు వేసుకోవడం మేలు. అమ్మేనాడు కొనేవాళ్లు వాటినే అడుగుతారు.

2020లో కంపెనీ నూరేళ్ల పండుగకు తెచ్చిన ఎడిషన్ తెల్ల బాడీ, ఎర్ర లోపలి భాగం. 1960 నాటి ఆర్360 కూపేను గుర్తు చేసే రంగులు. చూడ్డానికి నాకు అన్నిటికంటే ఇదే నచ్చుతుంది. యాంత్రికంగా కొత్తదనం లేదు. 2025లో వచ్చిన 35వ వార్షికోత్సవ కారు అమెరికాకు 300 మాత్రమే. ఆర్టిజన్ రెడ్ రంగు, లేత గోధుమ రంగు నాపా లెదర్. కింద ఉన్నది గ్రాండ్ టూరింగ్ మాన్యువల్. లెదర్ నిజంగా నాణ్యమైనదే, కానీ ఆ లేత రంగు మీద నీలం జీన్స్ మరక తొందరగా పడుతుంది. టాప్ తెరిచి తిరిగే కారులో దుమ్ము కూడా తోడవుతుంది. నెలకోసారైనా తడిబట్టతో తుడవాలి.

ఎడిషన్ అన్న పేరుకు పూర్తిగా న్యాయం చేసింది జపాన్‌లో 2021 చివర ప్రకటించిన 990ఎస్. ఒకటిన్నర లీటర్ల ఇంజిన్, బరువు 990 కిలోలు. అన్నిటికంటే తేలికైన ఎస్ గ్రేడును తీసుకుని, దానికి లిమిటెడ్ స్లిప్‌గానీ వెనక స్టెబిలైజర్ బార్ (మలుపులో వంపు తగ్గించే కడ్డీ) గానీ కలపకుండా, ఒక్కో రిమ్ములో 800 గ్రాముల దాకా తగ్గించే 16 అంగుళాల ఫోర్జ్‌డ్ రిమ్ములు, ముందు బ్రెంబోలు వేసి, స్ప్రింగులు, షాకులు, స్టీరింగ్ ఆ బరువుకు తగ్గట్టు మళ్లీ సరిచేశారు. బరువు తగ్గించి దానికోసమే మిగతావన్నీ సరిచూసిన కారు ఇది. అమెరికాలో కొందామంటే అమెరికా నిబంధనలకు తగ్గట్టు తయారు కాని విదేశీ కారును పాతికేళ్లు నిండేదాకా దిగుమతి చేసుకోనివ్వరు, కాబట్టి 2047 దాకా ఆగాల్సిందే. 2025లో ప్రకటించిన స్పిరిట్ రేసింగ్ 12ఆర్ కూడా అంతే. 200 పీఎస్ (జపాన్‌లో హార్స్‌పవర్ లెక్క), 200 కార్లు, జపాన్‌కే.

టాప్ విషయానికొస్తే నా ఓటు గుడ్డ టాప్‌కే. లాచ్ ఒకటి తిప్పి, కూర్చున్న చోటి నుంచే ఒంటి చేత్తో వెనక్కి నెట్టి, టక్కుమనేదాకా నొక్కితే చాలు. ఆర్‌ఎఫ్ టాప్ మోటారుతో 13 సెకన్లలో తెరుచుకుంటుంది, కారు గంటకు 6 మైళ్ల లోపు వేగంలో ఉండాలి. బరువు దాదాపు 50 కిలోలు ఎక్కువ. మూసినప్పుడు ఆర్‌ఎఫ్ నిశ్శబ్దం. తెరిచినప్పుడు వెనక మిగిలిన స్తంభాల దగ్గర గాలి సుడి తిరిగి, 65 మైళ్లు దాటితే చెవుల దగ్గర హోరు మరీ ఎక్కువవుతుంది. వీధిలో పార్క్ చేసేవాళ్లకు ఆర్‌ఎఫ్, గ్యారేజీ ఉన్నవాళ్లకు గుడ్డ టాప్.

గుడ్డ టాప్‌కు రెండు జబ్బులు. మడత పడే చోట పక్కల్లో రాసుకుని గుడ్డ పలచబడటం ఒకటి. అక్కడ వేలితో తడిమి చూస్తే నూలు లేచి గరుగ్గా తగులుతుంది. తడిగా ఉన్నప్పుడు మడిచి వదిలేయకపోతే చాలాకాలం వస్తుంది. రెండోది నీళ్లు పోయే గొట్టాలు. టాప్ మీద పడిన వాన సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందకి చేరతాయి. ఆరు నెలలకోసారి టాప్ సగం ఎత్తి, చెత్త చేత్తో తీసి, ఒక్కో పక్క గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి. వెనక చక్రం ముందు నేల మీద ధారగా పడితే దారి బాగున్నట్టే. గట్టి తీగ గుచ్చకండి, కంప్రెసర్ గాలి కొట్టకండి. లోపల గొట్టం ఊడితే టాప్ అంతా విప్పాల్సి వస్తుంది.

రోజువారీ వాడకంలో తెలుసుకోవాల్సినవి మరికొన్ని. డాష్‌బోర్డులో గ్లవ్ బాక్సు లేదు, సీట్ల మధ్య వెనక తాళం వేసుకునే చిన్న అర ఉంది. డిక్కీ 130 లీటర్లు, రెండు క్యాబిన్ బ్యాగులు మెత్తనివైతే పడతాయి. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్టే దిక్కు. కంప్రెషన్ 13:1, కాబట్టి 91 ఆక్టేన్ పెట్రోలు పోయడమే మంచిది. హైవేలో గ్యాలనుకు 34 మైళ్లన్న లెక్క నిజమే. 70 మైళ్ల వేగంలో ఆరో గేరులో ఇంజిన్ 2,800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. టైర్లలో గాలి నాలుగింటికీ 29 పీఎస్‌ఐ. టైర్ల షాపుల్లో అలవాటుగా 35 కొట్టేస్తారు, అప్పుడు కారు గుంత గుంతకూ ఎగురుతుంది. ఇంటికొచ్చి తగ్గించుకోవాలి.

ఇంజిన్ ఆయిల్ 0డబ్ల్యూ-20, ఫిల్టర్‌తో కలిపి నాలుగున్నర క్వార్టుల దగ్గర పడుతుంది. నాలుగు పోసి, డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయండి. గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం 75డబ్ల్యూ-80 ఆయిలే పోయాలి, రెండు లీటర్ల దాకా పడుతుంది. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు సింక్రోల (గేరు సాఫీగా పడేలా చేసే రింగుల) ఇత్తడిని తినేస్తాయి. డ్రెయిన్ బోల్టు విప్పే ముందు పై ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. ముందే ఆయిలంతా వదిలేసి, తర్వాత పై బోల్టు పట్టేస్తే కారు అక్కడే ఉండిపోతుంది.

కొనబోయే కారులో లిమిటెడ్ స్లిప్ ఉందో లేదో కాగితాల్లో తేలకపోతే ముందు చక్రాలకు అడ్డు పెట్టించి, వెనక రెండు చక్రాలూ స్టాండ్ల మీద లేపించి, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ దించండి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది కూడా అదే దిక్కుకు తిరగాలి. ఎదురు దిక్కుకు తిరిగితే అది మామూలు డిఫరెన్షియల్. అమ్మేవాళ్లు క్లబ్ మాన్యువల్ అని చెబుతూ చక్రం ఎదురు తిరిగితే, బానెట్ ఎత్తి టవర్ బ్రేస్ కూడా ఉందేమో చూడండి. అదీ లేకపోతే అది స్పోర్ట్ కారు, స్పోర్ట్ ధరే ఇవ్వండి.