నెల్లూరు–ఒంగోలు దారిలో ఉద్యోగ ప్రయాణం: భత్యం ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగల్చకూడదు

ల్యాబుల్లో రక్తపరీక్షల యంత్రాలు మరమ్మతు చేయడం నా పని. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, అటు చీమకుర్తి, పొదిలి వరకు ఉన్న చిన్న ల్యాబులు నా పరిధిలోకి వస్తాయి. లాడ్జి బిల్లు ఒక పరిమితి దాకా సంస్థే భరిస్తుంది. ఊరి నుంచి ఊరికి వెళ్లే బస్సు, రైలు టికెట్లకు చూపించినంత ఇస్తుంది. తిండికీ ఊళ్లో తిరిగే ఆటోలకూ కలిపి మాత్రం రోజుకు ఇంత అని భత్యం కట్టేసింది. చాలకపోతే చేతి డబ్బు పడుతుంది, మిగిలితే మనదే. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు "అక్కా, నీకెలా మిగులుతుంది?" అని అడుగుతుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

నెల్లూరు, ఒంగోలు మధ్య దూరం సుమారు 120 కిలోమీటర్లు. ఆ దూరానికి అయ్యే ఖర్చు నిజానికి చాలా తక్కువ. డబ్బు కరిగిపోయేది ఊళ్లో దిగాక, చివరి రెండు మూడు కిలోమీటర్ల దగ్గర. లేదా వేళ తప్పి ఆకలేసి, ఎదురుగా కనిపించిన హోటల్లోకి దూరినప్పుడు. ఈ రెండూ మనం ఎక్కడ బస చేశామన్న దాన్నిబట్టే ఉంటాయి. గది అద్దెలో వంద తగ్గిందని ఊరి చివర బైపాసు పక్కన దిగేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ మిగులు సంస్థకు పోతుంది, పొద్దునా సాయంత్రమూ ఆటోకు పెట్టేది మాత్రం మన భత్యంలోంచే. బస్టాండుకు నడిచి వెళ్లగలిగే చోట గది తీసుకోండి. మిగతా లెక్కలన్నీ ఆ తరువాతే.

నెల్లూరులో ముందుగా తేల్చుకోవాల్సింది మరుసటి రోజు పని ఏ వైపు అన్నది. బుచ్చిరెడ్డిపాళెం, ఆత్మకూరు వైపు అయితే ఆత్మకూరు బస్టాండు దగ్గర ఉండటం మేలు. కావలి, ఒంగోలు వైపు వెళ్లాలంటే ఆర్టీసీ పెద్ద బస్టాండు చుట్టుపక్కల ఉండాలి. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చడం వల్ల అటువాళ్లు ఇటు రావాలంటే ఎక్కువగా అండర్‌బ్రిడ్జిల గుండానే రావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దీన్ని అసలు మరవకూడదు. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. గట్టి వాన పడితే అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచిపోతాయి, ఆటో చుట్టూ తిరిగి వెళ్లాలి, కిరాయి రెట్టింపు అడుగుతారు. ఆ నీళ్లలో ఇంజను చెడితే ఆ రోజు సంపాదన మొత్తం పోతుంది కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం.

మొహర్రం నెలలో రొట్టెల పండుగ రోజులు చూసుకోకుండా నెల్లూరు ప్రయాణం పెట్టుకోవద్దు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. లాడ్జిల్లో గది దొరకదు, దొరికినా ధర మామూలుగా ఉండదు. ఆ రోజుల్లో నేను కావలిలో ఉండి, రైల్లో నెల్లూరు వెళ్లి వస్తాను.

నెల్లూరులో ఆడవాళ్లకు ఇంకో మంచి వసతి ఉంది. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఎక్కువ కావడంతో లేడీస్ హాస్టళ్లు చాలా ఉన్నాయి. మంచం ఖాళీగా ఉంటే కొన్ని హాస్టళ్లలో రోజు లెక్కన ఇస్తారు, రెండు పూటలా భోజనం అందులోనే. ఆధార్ అడుగుతారు, రాత్రి గేటు వేసే వేళ ఖచ్చితంగా పాటిస్తారు. పని సాయంత్రానికి తెమిలిపోయే రోజైతే నేను హాస్టలే చూసుకుంటాను. డబ్బు కోసమే కాదు, ఒంటరిగా లాడ్జి మెట్లెక్కేటప్పుడు ఉండే బెరుకు అక్కడ ఉండదు. ల్యాబులో రాత్రి తొమ్మిది దాటేలా ఉంటే మాత్రం లాడ్జి తప్పదు. అప్పుడు ధర చూడను. కింద రిసెప్షన్లో మనిషి, మెట్ల దగ్గర కెమెరా, గది తలుపుకు లోపలి గడియ సరిగ్గా ఉన్నాయా అని చూస్తాను. ఈ మూడింటిలో ఏది లేకపోయినా బయటికి వచ్చేస్తాను.

లాడ్జి అడిగేటప్పుడు అద్దె కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: లెక్క గదిలోకి వచ్చినప్పటి నుంచి 24 గంటలా, మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయాలా? రాత్రి బండి దిగి తెల్లవారుజామున గదిలోకి వెళ్లేవాళ్లకు ఈ తేడా ఒక పూర్తి రోజు అద్దె. ఒంగోలులో ఒక లాడ్జివాళ్లు ఫోనులో 24 గంటలని చెప్పి, నేను ఖాళీ చేసేటప్పుడు పన్నెండు దాటిందని రెండో రోజుకు కట్టమన్నారు. అప్పటి నుంచి రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడే లోపలికి వచ్చిన సమయం పక్కన "24 గంటలు" అని వాళ్లచేతే రాయిస్తున్నాను.

ఇక ప్రయాణం. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక మా లెక్కలే మారిపోయాయి. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లు టికెట్ డబ్బు కట్టే పని లేదు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు ఏదో ఒకటి చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇస్తారు. ఆ టికెట్‌ను పారేయకండి. అందులో ఎక్కిన చోటు, దిగిన చోటు, సమయం ఉంటాయి. ఆ రోజు ఆ ఊరు వెళ్లామనడానికి అదే సాక్ష్యం, నేను భత్యం కాగితానికి జతచేసి పంపుతాను. అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఈ పథకం వర్తించదు.

ఉచితం అని ప్రతిసారీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలని నేను చెప్పను. నా సంచిలో పనిముట్లు, విడిభాగాలు, చిన్న మోటారు ఉంటాయి. సోమవారం పొద్దున నెల్లూరులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కావలి దాకా నిలబడక తప్పకపోవచ్చు. దిగాక ఆ చేతులతోనే సన్న గొట్టాలు, అద్దం గుండా చూసే భాగాలు సరిచేయాలి. అలాంటి రోజు సూపర్ లగ్జరీకి డబ్బు పెట్టడం దుబారా కాదు, ఎలాగూ టికెట్ డబ్బు సంస్థ ఇస్తుంది. చిన్న దూరాలకు, అంటే నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం, ఒంగోలు నుంచి చీమకుర్తి లాంటి వాటికి, పల్లెవెలుగును మించింది లేదు. ఊరి మధ్యలో ల్యాబు ముందే దింపుతుంది, ఆటో అవసరమే రాదు.

రైలు విషయంలో నా మొగ్గు పినాకిని వైపు. ఉదయం విజయవాడలో బయలుదేరి ఒంగోలు, నెల్లూరు మీదుగా మధ్యాహ్నానికి చెన్నై చేరుతుంది, మధ్యాహ్నం అక్కడ బయలుదేరి ఇదే దారిలో తిరిగి వస్తుంది. ఒంగోలులో గది పెట్టుకున్నవాళ్లు పొద్దున నెల్లూరు వెళ్లి, పని చూసుకొని, సాయంత్రం వెనక్కి రావచ్చు. కూర్చునే సీటుకు రిజర్వేషన్ దొరుకుతుంది, సంచి పైన పెట్టుకోవచ్చు. వందేభారత్‌లు కూడా ఈ రెండు ఊళ్లలో ఆగుతాయి గానీ ఇంత కొద్ది దూరానికి ఆ ధర నాకు దండగ అనిపిస్తుంది. జనరల్ టికెట్ అయితే రైల్‌వన్ యాప్‌లో ఫోనులోనే తీసుకోవచ్చు, వరుసలో నిలబడే పని లేదు. ప్లాట్‌ఫారం మీద నీళ్ల సీసా కొనాల్సి వస్తే రైల్వేవాళ్ల రైల్ నీర్ పేరు పెట్టి అడగండి. 2025 సెప్టెంబరు నుంచి లీటరు 14 రూపాయలే. పేరు అడగకపోతే వేరే సీసా చేతిలో పెట్టి ఇరవై తీసుకుంటారు.

కందుకూరు వెళ్లేవాళ్లు సింగరాయకొండలో దిగి బస్సో సర్వీసు ఆటోనో ఎక్కుతారు. దూరం పదిహేను కిలోమీటర్ల లోపే. స్టేషన్ బయట నిలబడ్డ ఆటోలు ఒక్కరికే బండి మొత్తం మాట్లాడతాయి. సంచి భుజాన వేసుకొని కందుకూరు రోడ్డు దాకా వెళ్తే మనిషి లెక్కన వెళ్లేవి దొరుకుతాయి. శనివారం మాత్రం కందుకూరులో పని పెట్టుకోను. మాలకొండ లక్ష్మీనరసింహస్వామి గుడి తెరిచేది వారానికి ఆ ఒక్కరోజే. కందుకూరు బస్టాండులో ఆ వైపు బస్సులకు జనం ఎగబడుతుంటే తిరుగు ప్రయాణం కూడా ఆలస్యమవుతుంది.

తిండికి వస్తాను. ల్యాబుల్లో పొద్దున పరగడుపు రక్తం ఇచ్చేవాళ్ల రద్దీ. పదకొండు దాకా యంత్రం విప్పనివ్వరు. పని మొదలుపెడితే మూడింటి దాకా లేవలేం. అందుకే పొద్దుటి టిఫిను గట్టిగా తినాలి. నెల్లూరులో నేను నెయ్యి కారం దోశ తింటాను. పెనం మీద దోశ సగం కాలగానే ఎర్రకారం గరిటెతో అంచుల దాకా పూసి, పప్పుల పొడి చల్లి, చుట్టూ నెయ్యి వదులుతారు. అంచు గోధుమరంగుకు తిరిగి పెనం నుంచి దానంతట అదే లేచేదాకా ఆగే బండి దగ్గరే తినండి. తొందరపడి మడిచి ఇచ్చేవాళ్ల దగ్గర లోపల పిండి పచ్చిగా ఉంటుంది. అది ఒకటి, రెండు ఇడ్లీలు తింటే మధ్యాహ్నం ఆలస్యమైనా కళ్లు తిరగవు.

మధ్యాహ్నానికి అన్న క్యాంటీన్. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచాక నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల్లో నాకు దీనితో పెద్ద ఆసరా దొరికింది. ఏ పూటైనా 5 రూపాయలు. మధ్యాహ్నం అన్నం, కూర, పప్పో సాంబారో, పచ్చడి, పెరుగు పెడతారు. నిలబడి తినాలి, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మధ్యాహ్నం భోజనం పన్నెండున్నర నుంచి మూడు దాకా. ఆదివారం ఉండదు. భత్యం తీసుకునే మనిషి అక్కడ తినవచ్చా అని కొందరు అడుగుతారు. క్యాంటీన్ అందరికీ అని పెట్టిందే, తినవచ్చు. కానీ హమాలీలు, రోజుకూలీలు వరుస కట్టి ఉన్నప్పుడు, అన్నం అయిపోవచ్చిందని తెలిసినప్పుడు నేను పక్కకు తప్పుకుంటాను. మెస్సులో ప్లేటు భోజనం కొనుక్కునే స్తోమత నాకుంది, వాళ్లకు ఆ పూట అదే భోజనం.

మెస్సుకు వెళ్తే ఫుల్ భోజనం అడగవద్దు, ప్లేటు భోజనమే చాలు. రాత్రికి కర్రీ పాయింటు మంచిది. ఒక కూర, ఒక పెరుగు పొట్లం, అన్నం తీసుకొని గదిలో తింటే హోటల్ ఖర్చులో సగం కూడా కాదు. నా దగ్గర మూత గట్టిగా పడే చిన్న స్టీలు డబ్బా ఉంటుంది, కూర అందులోనే వేయమంటాను. వేడి పులుసు ప్లాస్టిక్ కవరులో పోయించుకోవడం నాకు ఇష్టం ఉండదు, సంచిలో పగిలితే విడిభాగాలు పాడవుతాయి కూడా.

ఇంత లెక్క చూసే నేను నెల్లూరు చేపల పులుసు దగ్గర మాత్రం చేయి వెనక్కి తీయను. పుల్లమామిడి ముక్క వేసి, చింతపులుసు చిక్కబడి, అంచుల్లో నూనె తేలిన పులుసు ఒక పూట తినకుండా ఆ ఊరు దాటను. ముందుగా అడగాల్సినవి రెండే. భోజనంలో పులుసు మాత్రమే వస్తుందా, ముక్క కూడానా? ముక్కకు వేరే అయితే ఎంత? ఇది అడగకుండా కూర్చుంటే బిల్లు చూసి ఉలిక్కిపడతారు. పెద్ద బోర్డున్న హోటళ్ల కంటే ఇంటివాళ్లు నడిపే మెస్సుల్లో పులుసు నాకు ఎక్కువ నచ్చింది. అక్కడ పొద్దున కాచి మధ్యాహ్నం దాకా ఊరనిస్తారు.

వేసవిలో హైవే మీద ఉలవపాడు దగ్గర మామిడి బుట్టలు కనిపిస్తాయి. బస్సు ఆగిన రెండు నిమిషాల్లో కిటికీలోంచి కొనేవి ఖరీదు. ఉలవపాడులో పని పడిన రోజు దిగి బేరమాడి కొనుక్కోవాలి. ఒంగోలులో ఇంటికి మైసూర్‌పాక్ తీసుకెళ్లడం నాకు అలవాటు, నెల్లూరులో అయితే మలై కాజా. ఈ రెండూ భత్యం లెక్కలోకి రావు.

చీమకుర్తిలో తిండి వేరు. గ్రానైట్ క్వారీల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఉత్తరాది కార్మికుల కోసం రోడ్డు పక్కన రొట్టెల హోటళ్లు ఉన్నాయి. రొట్టెలు, పప్పు తక్కువలో కడుపు నింపుతాయి, వేడిగా పెడతారు. గ్రానైట్ లారీల దుమ్ము వల్ల రోడ్డుకు కాస్త లోపలికి ఉన్నదాన్ని ఎంచుకుంటాను.

పొదిలి ఒంగోలుకు సుమారు 50 కిలోమీటర్లు, చీమకుర్తి కూడా అదే కర్నూలు రోడ్డు మీద ఉంది. పొదిలిలో గది తీసుకోవాల్సిన పని లేదు. ఒంగోలు గదిలోనే బట్టలు వదిలేసి, పొద్దున్నే ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా పొదిలి వెళ్లి, అక్కడి పని ముగించుకొని, తిరుగు దారిలో చీమకుర్తిలో దిగుతాను. దూరపు ఊరు ముందు చూసుకుంటే సాయంత్రం ఆలస్యమైనా పర్వాలేదు. చీమకుర్తి నుంచి ఒంగోలుకు ఏదో ఒక బస్సు దొరుకుతుంది, పొదిలిలో చీకటి పడ్డాక ఆ భరోసా తక్కువ.