హైబ్రిడ్ సిటీ బస్సు: ఏ రూట్లో గిట్టుబాటు, ఏ రూట్లో బరువు

తీర్పు ముందే చెప్పేస్తాం. సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటని, కిలోమీటరుకు మూడు నాలుగు చోట్ల ఆగే రూట్లో 12 మీటర్ల హైబ్రిడ్ బస్సు, అంటే డీజిల్ ఇంజిన్‌కు తోడు కరెంటు మోటారు, బ్యాటరీ ఉన్న బస్సు, తన అదనపు ధరను రాబట్టుకోగలదు. సగటు 25 దాటే రూట్లో అది కష్టం. బస్సు అదే, ఇంజిన్ అదే, డ్రైవరూ అతనే. మారేది రూటే. టెండరు పత్రాల్లో బస్సు గురించి పేజీలకు పేజీలు రాస్తారు, రూటు గురించి ఒక్క పేజీ ఉండదు. కొనుగోలు దారి తప్పేది అక్కడే.

కారణం లెక్క వేస్తే తెలిసిపోతుంది. ప్రయాణికులతో కలిపి 16 టన్నుల బస్సు 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే దాని గతిశక్తి దాదాపు 0.27 యూనిట్లు, అంటే కిలోవాట్ అవర్లు. దాన్ని పుట్టించడానికి ఇంజిన్ సుమారు 70 మిల్లీలీటర్ల డీజిల్ తాగుతుంది. స్టాపు రాగానే మామూలు బస్సు ఆ శక్తిలో చాలా భాగాన్ని బ్రేకు లైనర్ల దగ్గర వేడిగా పోగొట్టేస్తుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటరుగా మారి దాన్ని బ్యాటరీకి పంపుతుంది. అయితే టైర్ల రాపిడికి కొంత, ఇన్వర్టర్‌లో కొంత, బ్యాటరీలోకి వెళ్లి వచ్చేటప్పుడు కొంత పోతుంది. తిరిగి చక్రాన్ని చేరేది మహా అయితే సగం. అంటే స్టాపుకు 35 మిల్లీలీటర్లు. ప్రతిసారీ 40 అందుకుందనుకుంటే, రోజుకు 500 సార్లు ఆగే బస్సుకు మిగిలేది 17 లీటర్లు. 80 సార్లు ఆగే బస్సుకు 3 లీటర్లు కూడా మిగలవు.

దీనికి తోడు నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఆపేయడం వల్ల వచ్చే ఆదా ఒకటుంది. సిటీ బస్సు ఇంజిన్ ఉత్తినే తిరిగితే గంటకు 2 నుంచి 3 లీటర్లు కాలుతుంది. రద్దీ రూట్లో బస్సు సిగ్నళ్ల దగ్గర, స్టాపుల్లో నిలబడే సమయం అంతా కలిపితే రోజుకు గంటల్లోనే తేలుతుంది.

ఇక్కడే ఒక మెలిక. ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంపు, బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఈ మూడూ ఇంజిన్ బెల్టు మీదో గేరు మీదో నడిచేవైతే, ఇంజిన్‌ను ఆపే వీలే ఉండదు. ఎండలో నిండుగా జనం ఉన్న బస్సులో ఏసీ కంప్రెసర్‌కే 10 కిలోవాట్లకు పైగా కావాలి. కొన్ని బస్సుల్లో మోటారు, బ్యాటరీ పెట్టి కంప్రెసర్‌ను మాత్రం పాత బెల్టు మీదే వదిలేస్తారు. అలాంటి బస్సు పేరుకే హైబ్రిడ్, సిగ్నల్ దగ్గర ఇంజిన్ గురగురలాడుతూనే ఉంటుంది. కొనేముందు వెనక మూత తెరిపించి ఈ మూడూ దేని మీద నడుస్తున్నాయో కళ్లతో చూడాలి. బ్రోషర్‌లో 'విద్యుత్ సహాయక పరికరాలు' అని రాసి ఉన్నంత మాత్రాన మూడూ కరెంటువే అనుకోకూడదు.

ఆదా శాతాల దగ్గర ఇంకో జాగ్రత్త. అమెరికాలో సియాటిల్ ప్రాంతపు కింగ్ కౌంటీ మెట్రో 18 మీటర్ల జంట బస్సుల మీద అక్కడి జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2006లో నివేదిక ఇచ్చింది. డీజిల్ బస్సు గ్యాలనుకు 2.50 మైళ్లు, హైబ్రిడ్ 3.17 మైళ్లు నడిచాయి. కేఎంపీఎల్, అంటే లీటరుకు నడిచే దూరం, 27 శాతం పెరిగింది. కానీ అదే దూరానికి తగ్గిన డీజిల్ 21 శాతమే. రెండు అంకెలూ నిజమే, కానీ రెండూ ఒకటి కాదు. అమ్మేవాళ్లు మొదటి అంకె చెబుతారు, డిపో ఖర్చుల పుస్తకంలో కనిపించేది రెండోది. ఒప్పందంలో 'వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు' అనే రాయించుకోవాలి.

రకాల సంగతి క్లుప్తంగా. సిరీస్ బస్సులో ఇంజిన్ జనరేటరునే తిప్పుతుంది, చక్రాలను తిప్పేది మోటారు. నత్తనడక రూట్లకు ఇది బాగా కుదురుతుంది, వేగం పెరిగేకొద్దీ రెండుసార్లు శక్తి మార్పిడి భారమవుతుంది. పారలల్‌లో ఇంజిన్, మోటారు రెండూ చక్రాలను తిప్పగలవు, మోటారు సాధారణంగా క్లచ్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉంటుంది. మిశ్రమ రూట్లకు ఇది నప్పుతుంది. మైల్డ్ హైబ్రిడ్ అంటే 48 వోల్టుల చిన్న సహాయం మాత్రమే. 2017లో వచ్చిన మెర్సిడెస్ సిటారో హైబ్రిడ్‌లో 14 కిలోవాట్ల మోటారు, కరెంటును క్షణాల్లో దాచుకుని వదిలే సూపర్ కెపాసిటర్లు ఉన్నాయి. కంపెనీయే చెప్పుకున్న గరిష్ఠ ఆదా 8.5 శాతం. దాని నుంచి 25 శాతం ఆశించడం అన్యాయం. అదనపు ధర కూడా తక్కువ కాబట్టి దాని లెక్క వేరే వేసుకోవాలి.

ఇక చెడిపోయే సంగతులు. వీటికే ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే ఆదా అంతా కరిగిపోయేది ఇక్కడే.

అన్నిటికన్నా నిశ్శబ్దంగా దెబ్బ తీసేది పైకప్పు మీది బ్యాటరీ గాలి ఫిల్టర్. లిథియం సెల్స్‌కు 15 నుంచి 35 డిగ్రీలు హాయి. 45 దాటితే ఆయుష్షు వేగంగా తగ్గిపోతుంది. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే బ్యాటరీ ప్యాక్ వేడెక్కుతుంది. కంప్యూటర్ దాన్ని కాపాడుకోవడానికి ఛార్జింగ్ తగ్గించేస్తుంది. మోటారు బ్రేకు బలహీనపడుతుంది, డ్రైవర్ పెడల్ ఇంకాస్త తొక్కుతాడు, గాలి బ్రేకు అందుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగదు, బస్సు ఆగదు. నెల తర్వాత కేఎంపీఎల్ పడిపోతుంది, లైనర్లు తొందరగా అరిగిపోతాయి. సర్వీసు పుస్తకంలో ఎన్ని నెలలకని ఉన్నా, దుమ్ము రోడ్ల మీద తిరిగే బస్సుకు ఆ ఫిల్టర్‌ను వారానికోసారి విప్పి చూడాలి. పైకి ఎక్కడానికి రెయిలింగ్ ఉన్న ప్లాట్‌ఫాం లేని డిపోలో ఈ పని జరగదు. అందుకే బస్సులకన్నా ముందు ప్లాట్‌ఫాం రావాలి.

రెండోది పొగగొట్టం వైపు. యూరో 6 స్థాయి ఇంజిన్లలో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్ అనే పరికరం సక్రమంగా పనిచేయాలంటే పొగ వేడి సుమారు 200 డిగ్రీలు దాటాలి. మాటిమాటికీ ఆగిపోయే ఇంజిన్ వెనక అది చల్లబడిపోతుంది, అందులో యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం చల్లడం ఆగిపోతుంది. మసి ఫిల్టర్ తనంతట తాను శుభ్రపడదు, మూసుకుపోతుంది. డీజిల్ తగ్గింది కదా, పొగ కూడా అంతే తగ్గుతుందని అనుకోవద్దు. వేడిని కాపాడే సాఫ్ట్‌వేర్ ఉందా అని అడగండి. ఉంటే ఇంజిన్ కొన్నిసార్లు కావాలనే ఆగదు. డ్రైవర్లు దాన్ని ఫాల్ట్‌గా రాయకుండా ముందే చెప్పాలి.

మూడోది, 24 వోల్టుల మామూలు బ్యాటరీలు. 600 వోల్టుల ప్యాక్ నిండుగా ఉన్నా, దాన్ని కలిపే కాంటాక్టర్లు, అంటే పెద్ద స్విచ్‌లు, మూసుకోవాలంటే ఈ 24 వోల్టులే కావాలి. అవి పడిపోతే బస్సు కదలదు, 'హైబ్రిడ్ సిస్టమ్ ఫాల్ట్' అని వస్తుంది. ఇలాంటప్పుడు మొదట మీటరు పెట్టాల్సింది ఆ రెండు బ్యాటరీల మీద, తర్వాత వాటిని ఛార్జ్ చేసే డీసీ కన్వర్టర్ మీద.

ఇన్సులేషన్ ఫాల్ట్, అంటే హై వోల్టేజ్ కరెంటు ఛాసిస్‌కు లీకవుతోందన్న హెచ్చరిక, వస్తే మాత్రం తొందరపడకూడదు. నారింజ రంగు కేబుల్ ఎక్కడో ఛాసిస్‌కు రాసుకుని తొడుగు చిరగడం, కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లు కనెక్టర్‌లోకి పోవడం దీనికి మామూలు కారణాలు. కీ తీయాలి, 24 వోల్టుల స్విచ్ ఆపాలి, హై వోల్టేజ్ బ్యాటరీని విడదీసే సర్వీస్ డిస్‌కనెక్ట్ ప్లగ్గు లాగి తాళం వేసి పెట్టుకోవాలి. ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆగాలి. వెయ్యి వోల్టులు తట్టుకునే గ్లవ్స్ వేసుకుని, కరెంటు లేదని మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి. ఈ శిక్షణ ఉన్నవాళ్లు ప్రతి షిఫ్టులో ఇద్దరైనా ఉండాలి. ఒక్కడే ఉంటే అతను సెలవు పెట్టిన రోజు బస్సు షెడ్డులోనే ఉంటుంది. అంతకన్నా ఘోరం, శిక్షణ లేనివాడు దానిలో చెయ్యి పెట్టడం.

ధర లెక్కను లీటర్లలో వేస్తే తేలిక. అదనపు ధర, మధ్యలో ఒకసారి మార్చే బ్యాటరీ ధర కలిపి, ఆ మొత్తాన్ని లీటరు డీజిల్ ధరతో భాగించాలి. ఉదాహరణకు అది 65,000 లీటర్లు వచ్చిందనుకోండి. ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరుగుతూ వందకు 45 లీటర్లు తాగే రూట్లో 25 శాతం ఆదా అంటే ఏటా 6,750 లీటర్లు, 12 ఏళ్లకు 81,000. గిట్టింది. అదే వందకు 32 లీటర్ల వేగం రూట్లో 10 శాతం ఆదా అయితే 12 ఏళ్లకు 23,000 పైచిలుకే. పెట్టిన 65,000లో మూడో వంతు పైచిలుకే తిరిగొచ్చింది, అంటే నష్టమే. బ్యాటరీ మార్పు ఖర్చును పక్కన పెట్టే నివేదికను నమ్మొద్దు. లండన్‌లో 2012లో రోడ్డెక్కిన కొత్త రూట్‌మాస్టర్ అనే హైబ్రిడ్ డబుల్ డెక్కర్లలో కొన్నింటికి మూడేళ్లకే బ్యాటరీలు మార్చాల్సి వచ్చింది.

ట్రయల్ కనీసం నాలుగు వారాలు జరగాలి. ఒక హైబ్రిడ్, ఒక డీజిల్ బస్సు, ఒకే రూటు, ఏసీ ఒకే డిగ్రీ మీద. డ్రైవర్లను వారానికోసారి అటూ ఇటూ మార్చాలి. ట్యాంకు నిండా నుంచి నిండా వరకు, అదే పంపు దగ్గర కొలవాలి. పెడల్‌ను మెల్లగా ముందే తొక్కే డ్రైవర్‌కు మోటారు బ్రేకు పూర్తిగా అందుతుంది, చివరి క్షణంలో గట్టిగా తొక్కేవాడికి గాలి బ్రేకే మిగులుతుంది. అందుకే శిక్షణకు ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత తీసి పెట్టుకోవాలి.

పూర్తి ఎలక్ట్రిక్ బస్సు ఉండగా ఇదెందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. డిపోకు తగినంత కరెంటు లైను ఉంటే ఎలక్ట్రిక్కే కొనండి. రెండు యంత్రాల నిర్వహణ తప్పుతుంది. కానీ 100 బస్సులకు 50 కిలోవాట్ల చొప్పున ఒకేసారి ఛార్జింగ్ పెడితే 5 మెగావాట్లు కావాలి. ఆ లైను రావడానికి ఏళ్లు పడుతుందని తెలిస్తే, అప్పటిదాకా రద్దీ రూట్లను డీజిల్‌కు వదిలేయడం కన్నా హైబ్రిడ్ మేలు. అది కూడా ఆ రూట్లకు సరిపడా మాత్రమే కొని, బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే కంపెనీ ఉచితంగా మార్చాలో ఒప్పందంలో అంకెతో రాయించుకున్నాకే.