అమ్మతో డోర్నకల్ దాకా

బాపు పోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి అమ్మ చర్చికి వస్తుంది గానీ పాట పాడదు. ఇంట్లో రాత్రి ప్రార్థన కూడా నేను మొదలుపెట్టడం, పిల్లలు ఆవలించడం, అంతే. ఎటైనా తీసుకుపోదామని కరీంనగర్ నుంచి రెండు రోజులకు బయల్దేరాం.

మెదక్ వద్దంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ చర్చిని బాపుతో మూడుసార్లు చూసింది. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కూలికి తిండి పెట్టి దాన్ని కట్టించారని ఆయన ప్రతిసారీ చెప్పేవాడు. అక్కడికి పోతే ఆయన గొంతే వినబడుతుందని ఆమె భయం.

అందుకే మొదట కాజీపేట ఫాతిమా కెథడ్రల్‌కు పోయాం. మేము సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం, అంటే ప్రొటెస్టెంట్లం, అది క్యాథలిక్ గుడి. మా చిన్నది మరియమ్మ స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగిస్తానంటే అమ్మ నావైపు చూసి, "మనం వెలిగించం గదరా" అంది. ఒక్క నిమిషం ఆగి తనే దానికి పది రూపాయలిచ్చింది.

రాత్రికి వరంగల్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జి. పద్నాలుగు వందలు. వేడినీళ్లు వస్తాయన్నారు, రాలేదు. లిఫ్టు పనిచేయదని సామాను పైకి మోసాక చెప్పారు. అమ్మ మోకాళ్లతో రెండంతస్తులు ఎక్కింది. పెద్దవాళ్లతో పోయేవాళ్లు డబ్బు కట్టకముందే లిఫ్టు ఎక్కి చూడండి. బయట బండి మీద తిన్న సర్వపిండి మాత్రం బాగుంది. చాలా రోజులకు అమ్మ రెండోది అడిగి పెట్టించుకుంది.

ఆదివారం పొద్దున రైలెక్కాం. మానుకోట, గార్ల దాటితే డోర్నకల్. గంటన్నర ప్రయాణం. ఊరు చిన్నది కాబట్టి తిండి, నీళ్లు వెంట తెచ్చుకోవడం మేలు.

ఎపిఫనీ కెథడ్రల్ గేటు దాటగానే మా పెద్దోడు, "ఇది గుడా, మసీదా?" అన్నాడు. తప్పులేదు. పైన గుమ్మటాలు, మినార్లు, లోపల మండపంలో ఉన్నట్టు స్తంభాలు. కట్టించింది బిషప్ అజరయ్య. తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఈ దేశపు గుడి ఈ దేశపు గుడిలాగే ఉండాలనుకున్నాడు. డబ్బులు చాలక పని ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన ఎపిఫనీ పండుగ రోజు అది.

మెదక్‌లో తల పైకెత్తి చూస్తూ తిరుగుతాం. ఇక్కడ ఊరికే కూర్చోబుద్ధయింది. ఆరాధనలో రెండో కీర్తన అందుకున్నప్పుడు పక్కన సన్నగా ఒక గొంతు. శ్రుతి లేదు, చివర వణికింది. నా భార్య నా చేయి నొక్కింది. నేను తల తిప్పలేదు, చూస్తే ఆపేస్తుందని.

బయటికొచ్చాక చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పుతూ, "మీ బాపు ఉంటే ముందు బెంచీల కూసునేటోడు" అంది. ఎనిమిది నెలల్లో ఏడవకుండా ఆయన మాటెత్తడం అదే మొదలు.

తిరుగు రైల్లో ప్రార్థన తనే చేసింది, పిల్లలిద్దరినీ ఒళ్లోకి లాక్కుని. ఆమెన్ అన్నాక నన్ను పిలిచి, "జనవరి ఆరుకు మళ్ల వద్దాం, టికెట్లు ముందే చెయ్యి" అంది. కాసేపాగి, "ఆ లాడ్జి మాత్రం వద్దు బిడ్డా" అంది.