బాలింతకు ఏది మేలు: పథ్యం అన్నమా, టిన్ను పొడా, సంగటీ పప్పూనా?

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో కాన్పయిన ఇంట్లో ముసలివాళ్లు పథ్యం అంటారు, మెడికల్ షాపులో బాలింతలు కలుపుకుని తాగే పొడి టిన్ను చూపిస్తారు, అంగన్‌వాడీ టీచరు సంగటీ పప్పూ అన్నీ తినమంటుంది. మూడింటినీ ఒకే కొలతతో చూద్దాం.

ఆదాయం తక్కువున్న దేశాల్లో ఆడవాళ్ల తిండిని అంచనా వేయడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వాడే లెక్క ఒకటుంది. నిన్న పగలూ రాత్రీ కలిపి 10 రకాల్లో కనీసం 5 తిన్నారా అని అడుగుతారు. ధాన్యాలూ దుంపలూ ఒకటి; పప్పులు; చెనక్కాయలు, నువ్వుల్లాంటి గింజలు; పాలూ పెరుగూ; మాంసం, చేపలు; గుడ్లు; ముదురు ఆకుకూరలు; గుమ్మడి, మామిడి, బొప్పాయి పండు లాంటి విటమిన్ ఎ ఉన్నవి; మిగతా కూరగాయలు; మిగతా పండ్లు. ఒక్కోటీ 15 గ్రాములైనా తినుండాలి. నూనె, నెయ్యి, కారం లెక్కలోకి రావు. ఇది జనం మొత్తాన్ని చూడటానికి పెట్టిన లెక్క, ఒక మనిషికి ఏ లోపముందో తేల్చదు. పళ్లెంలో ఏం తగ్గిందో చూసుకోవడానికి మాత్రం చాలు.

పథ్యం అంటే పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, మిరియాల చారు. లెక్కపెడితే ఒక్క రకమే. పెరుగు చలవ, పండు తింటే బిడ్డకు పడిశం అని ఒక్కోటీ తీసేస్తారు. కొన్ని ఇళ్లల్లో నీళ్లు కూడా తగ్గిస్తారు. అప్పుడే వండి వేడిగా పెట్టడం, పనులకు పంపకుండా పడుకోబెట్టడం మంచివే, అవి ఉండాల్సిందే.

పథ్యంలో అసలు ముప్పు విటమిన్ బి1 దగ్గర. పాలిష్ బియ్యంలో అది ముందే తక్కువ. నాలుగైదుసార్లు కడిగి గంజి వార్చేస్తే ఉన్నదీ పోతుంది. క్యాల్షియం తక్కువ తిన్నా తల్లి ఎముకల్లోంచి తీసి పాలలోకి పంపుతుంది ఒళ్లు. బి1, బి12, విటమిన్ ఎ అలా కాదు, తల్లికి తగ్గితే పాలలోనూ తగ్గుతాయి. రెండు మూడు నెలల బిడ్డ పాలు తాగకుండా, గొంతు బొంగురుపోయి, ఏడుపు బయటికి రాక ఎగశ్వాస పెడుతుంటే జలుబని ఇంట్లో ఉంచకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, తల్లి పథ్యం తింటోందని డాక్టరుకు చెప్పండి. కారణం బి1 లోపమే అయితే, సమయానికి ఇంజక్షన్ పడిన బిడ్డ గంటల్లోనే తేరుకుంటుంది.

టిన్ను పొడి సంగతి తొందరగా తేలిపోతుంది. టిన్ను వెనక పదార్థాల వరుసలో ముందున్నదే లోపల ఎక్కువ; చాలావాటిలో పాలపొడి, చక్కెర ముందుంటాయి. విటమిన్లు కలిపి ఉంటారు, నిజమే. అయినా రకాల లెక్కలో ఒకటి దాటదు. ఆ డబ్బుకు ఎన్ని గుడ్లొస్తాయో చూడండి.

ఇక సంగటి. పాలిచ్చే మొదటి 6 నెలలు రోజూ 600 క్యాలరీలు, 17 గ్రాముల దాకా ప్రొటీన్ అదనంగా కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, బియ్యంలో 10 దాటదు. పొద్దున మజ్జిగ కలిపిన రాగి జావ. మధ్యాహ్నం సంగటి, మునగాకు పప్పు, గుప్పెడు చెనక్కాయలు పడిన ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి). రాత్రి అన్నంలోకి గుడ్డు. మధ్యలో ఒక జామపండు. ఏడు రకాలయ్యాయి. సంక్రాంతి రోజుల్లో పప్పు బదులు అనపగింజల పితికిపప్పు పెట్టండి, ఇంకా ఇష్టంగా తింటారు.

మా ఓటు దీనికే. అయితే రాగిలోని ఇనుము ఒంటికి అంతగా పట్టదు. నిమ్మకాయ పిండుకోవాలి, భోజనానికి అటూఇటూ గంట టీ తాగకూడదు, కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్ర ఆపకూడదు. క్యాల్షియం మాత్రకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. గుడ్డు, మాంసం ముట్టని ఇళ్లల్లో బి12 కోసం రోజూ అరలీటరు దాకా పాలూ పెరుగూ తప్పనిసరి. అంగన్‌వాడీ గుడ్లూ పాలూ ఇంటిల్లిపాదీ పంచుకుంటే బాలింతకు మిగిలేదేమీ ఉండదు, అవి ఆమెవే.

పథ్యం మానేది లేదని అత్తగారు పట్టుబడితే గొడవ వద్దు. కారం, నెయ్యి అలాగే ఉంచి, బియ్యం ఒక్కసారే కడిగి, గంజి వార్చకుండా అత్తెసరు వండండి. కందిపప్పు, కాచిన పాలు, మునగాకు వేపుడు, నువ్వులూ బెల్లం ఉండ పెడతామంటే చాలామంది పెద్దవాళ్లు కాదనరు. పాలు పడతాయని ఒప్పుకుంటారు కూడా. దాంతోనే ఐదు రకాలవుతాయి.