గాయం కడిగే సిరంజి: ఒకే రంధ్రమా, పలు రంధ్రాలా?

గాయం కడగడానికి చదరపు అంగుళానికి 4 నుంచి 15 పౌండ్ల ఒత్తిడి ఉండాలని సాధారణంగా చెబుతారు. 35 మిల్లీలీటర్ల సిరంజికి 19 గేజి (సూది మందాన్ని తెలిపే కొలత) సూది మొన తగిలిస్తే దాదాపు 8 పౌండ్లు వస్తుంది. ఒకే రంధ్రమున్న నాజిల్ (సిరంజి చివర నీరు బయటికొచ్చే మొన) బలం అదే: ధార సూటిగా పడి, ఇరుక్కున్న మట్టిని కదిలిస్తుంది. కానీ ఆ నీరు రక్తంతో కలిసి కడిగేవారి ముఖం మీదికి చిందుతుంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

పలు రంధ్రాల నాజిల్ వెడల్పుగా, మెత్తగా తడుపుతుంది. చర్మం గీసుకుపోయిన చోట రోగికి అదే హాయి. అయితే పిస్టన్‌ను అదే వేగంతో నొక్కినా, రంధ్రాల మొత్తం వైశాల్యం పెరిగితే ధార వేగం తగ్గుతుంది. లోతైన గాయంలో మట్టి మిగిలిపోవచ్చు.

నేనైతే ఒకే రంధ్రం ఉంచి, చుట్టూ పారదర్శకమైన గిన్నెలాంటి కవచం అమరుస్తాను. కడిగేవారికి గాయం కనబడుతూనే ఉండాలి.