జవాయిలో గదికన్నా డ్రైవర్ ముఖ్యం

రాజస్థాన్‌లో పాలీ జిల్లా, జవాయి ఆనకట్ట చుట్టుపక్కల ఊళ్లు. చిరుతల కోసం ఇక్కడికి వెళ్లేవాళ్లు రణథంభోర్, తాడోబా లాంటి పులుల పార్కుల్ని మనసులో పెట్టుకుని వెళ్లొద్దు. ఇది జాతీయ పార్కు కాదు, కంచె కట్టిన అడవీ కాదు. గోధుమ చేలు, ఆవ చేలు, సర్కారు తుమ్మ పొదలు, వాటి మధ్య నున్నటి గ్రానైట్ గుట్టలు. హైదరాబాద్ చుట్టూ మనం పగలగొట్టి కంకర చేసుకున్న గుట్టలు ఇంకా మిగిలి ఉంటే ఇలాగే ఉండేవేమో. ఆ గుట్టల గుహల్లో చిరుతలుంటాయి. కింద రబారీలనే కాపరి కులంవాళ్లు మేకలు, గొర్రెలు మేపుకుంటుంటారు.

ఉదయపూర్ దాకా విమానం, అక్కడి నుంచి కారులో సుమారు మూడు గంటలు. రైలైతే జవాయి బాంధ్ స్టేషన్ ఉంది, ఫాల్నా కూడా దగ్గరే. చలికాలమే మంచిది, కానీ తెల్లవారుజాము సఫారీకి మంకీ క్యాప్ లేకుండా వెళితే చెవులు మిగలవు.

బసల్లో చాలా తేడాలున్నాయి. డేరాల రిసార్టుల్లో ఒక్క రాత్రికి అడిగే డబ్బుతో మామూలు కుటుంబం నెల గడిపేస్తుంది. బేరా ఊళ్లో పాత ఠాకూర్ల కోటలోనూ గదులిస్తారు. మేం సేణా వైపు పొలంలో ఉన్న ఒక ఇంట్లో దిగాం. గది చిన్నది, వేడినీళ్లు బకెట్టు లెక్క. తిండికి మాత్రం వంక పెట్టలేం: సజ్జ రొట్టె మీద నెయ్యి, వెల్లుల్లి చట్నీ, సెనగపిండి గట్టే కూర. కారం మనకు తక్కువేమీ కాదు. వాళ్ల చట్నీ ముందు మా ఆవకాయ సీసా బ్యాగులోంచి బయటికి రాలేదు.

రిసార్టు వాళ్లూ ఇంటివాళ్లూ చూపించేది అవే గుట్టలు, అవే చిరుతలు. తేడా అంతా జీపు నడిపే మనిషిలో ఉంది. మొదటి సాయంత్రం వచ్చినతను ఫోను చెవి నుంచి తియ్యలేదు. ఎక్కడో చిరుత కనబడిందనగానే పొలం గట్లు తొక్కించుకుంటూ పరుగు. వెళ్లేసరికి జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. రాతి మీద ఆడ చిరుత, గుహ నోట్లో రెండు కూనలు. చీకటి పడగానే ఎవరో స్పాట్‌లైట్ వేశారు. కూనలు లోపలికి పోయాయి. మా డ్రైవర్ అప్పటికీ ఇంకాస్త దగ్గరికి పోనిమ్మంటారా అని అడుగుతున్నాడు!

మర్నాడు ఇంటివాళ్లకు చెప్పి డ్రైవర్‌ను మార్పించుకున్నాం. ఇతను రబారీల కుర్రాడు. ఇంజన్ ఆపేసి, చిరుత కోసం చూడకుండా నెమళ్ల అరుపు వినమన్నాడు. చాలాసేపటికి దూరంగా ఒక మగ చిరుత రాతి వాలు మీద నడుచుకుంటూ పోయింది, అంతే. ఫోటోకు పనికిరాలేదు కానీ, ఆ సఫారీకే డబ్బులు గిట్టుబాటయ్యాయి.

అతనే వాళ్ల దొడ్డికి తీసుకెళ్లాడు. ఎర్ర తలపాగా, తెల్ల బట్టలతో ఒక పెద్దాయన మంచం వాల్చి మేకపాల టీ ఇప్పించారు. చిరుత మేకను పట్టుకుపోతే ఏం చేస్తారని అడిగితే, దేవుడి వాటా అనుకుంటామన్నారు. సఫారీ వాళ్లందరికీ చెప్పే మాట ఇది. నేను ఇంకాస్త తవ్వాను. సర్కారు నష్టపరిహారం ఇస్తుందట, దానికి కాగితాల చుట్టూ తిరగాలట. అందుకే దొడ్డి చుట్టూ మనిషెత్తు ముళ్లకంప, మేకపిల్లల్ని రాత్రిపూట కోళ్లను కమ్మినట్టు గంపల కింద పెట్టడం. భక్తి ఉంది, జాగ్రత్తా ఉంది. టూరిస్టులకు మొదటిదే చెబుతారు.

పెర్వా గుట్ట మీద గుడికి మెట్లెక్కి వెళ్లాలి. ఆ మెట్ల దగ్గర చిరుతలు తిరుగుతుంటాయి, పూజారి తన పని తాను చేసుకుంటుంటాడు. ఇక్కడ చిరుత మనిషిని చంపిన సంగతి తామెరగమని గైడ్లంటారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపడం, ఆ తర్వాత టీటీడీ భక్తుల చేతికి కర్రలివ్వడం గుర్తున్న మాకు ఆ మెట్లు ఎక్కుతుంటే కాళ్లు కాస్త వణికాయి. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

ఆనకట్టకు ఒక పూట చాలు. జోధ్‌పూర్ మహారాజా ఉమేద్ సింగ్ హయాంలో 1946లో మొదలై 1957లో పూర్తయిందిది. ఒడ్డున మొసళ్లు, చలికాలంలో ఫ్లెమింగోలు. తిరుగుదారిలో రాణక్‌పూర్ జైన మందిరం చూడండి. పర్యాటకులను మధ్యాహ్నం 12 తర్వాతే రానిస్తారు, తోలు బెల్టు బయటే వదిలేయాలి.

బుక్ చేసేముందు ఫోన్‌లో ఒక్కటి అడగండి: చీకటిపడ్డాక స్పాట్‌లైట్ వేస్తారా అని. "వేస్తాం సార్, చిరుత గ్యారంటీ" అంటే ఇంకో నంబరు చూసుకోండి.