రిమోట్‌కు 200, కుందేలుకు ఒక పూట

నాగార్జునసాగర్‌లో రూమ్ తీసుకునేవాళ్లు ముందు ఏసీ రిమోట్ సంగతి అడగండి. నవ్వకండి, మా గొడవ అక్కడే మొదలైంది.

ఫోన్‌లో 1,500 అన్న రూమ్ కౌంటర్ దగ్గరికొచ్చేసరికి 1,800 అయింది. శని, ఆదివారాలు రేటు వేరేనట. అమ్మకు ఇంకో పరుపు వేస్తే 400. రిమోట్‌కు డిపాజిట్ 200. రాత్రి పదకొండింటికి ఏసీ నీళ్లు కారడం మొదలైంది, సరిగ్గా అమ్మ పరుపు మీదే. బకెట్ పెట్టుకుని టప్ టప్ వింటూ పడుకున్నాం. పొద్దున రిమోట్ ఇస్తే వెనక మూత తీసి చూసి, "సెల్లులు మావి కావు సార్, మార్చిండ్రు" అని 200 ఉంచేసుకున్నాడు. రెండు సెల్లుల కోసం నల్లగొండ నుంచి అంత దూరం వచ్చామన్నమాట! అమ్మ వాణ్ణి ఏమీ అనలేదు. "పొద్దుగాల్ల వచ్చి మాపటికి పోతే అయిపోవు గదరా" అని నన్ను అంది. అంతే, ఇక మాట బంద్.

డ్యామ్ చూశాం, లాంచీ ఎక్కాం. తర్వాత అక్కడి బౌద్ధ పార్కు, బుద్ధవనం.

270 ఎకరాలకు పైనే ఉంటుంది. 2022 మేలో తెరిచారు. వచ్చినవాళ్లంతా నేరుగా మహాస్తూపానికి పోతారు. 42 మీటర్ల వెడల్పు, 21 మీటర్ల ఎత్తు కదా, పోవాల్సిందే. కానీ నన్నడిగితే ముందు జాతకవనంలో ఆగండి. బుద్ధుడి పూర్వజన్మల కథలు 40 అక్కడ శిల్పాల్లో ఉన్నాయి. ఆ జన్మల్లో ఆయన ఏనుగు, కోతి, జింక. మన చౌరస్తాల్లో పెట్టే సిమెంటు జింకలు ఊరికే నిలబడి చూస్తుంటాయి. ఈ జంతువులకు మాత్రం వెనక ఒక కథుంది.

కుందేలు కథ నేనే పిల్లలకు చెప్పాను. ఆకలితో వచ్చిన అతిథికి పెట్టడానికి తన ఒళ్లు తప్ప ఏమీ లేక అది నిప్పుల్లో దూకుతుంది. దూకేముందు మూడుసార్లు ఒళ్లు దులుపుకుంటుంది, బొచ్చులో ఉన్న పురుగులు కాలిపోకూడదని.

"పురుగుల సంగతి గూడ సోంచాయించిందా!" అంది అమ్మ. పొద్దున్నుంచి అదే మొదటి మాట. అక్కడే చెప్పులు విడిచి కూర్చుంది. ఆ కుందేలే చందమామలో కనబడుతుందని మా చిన్నోడికి ఆమే చెప్పింది.

నీడ తక్కువ. పది దాటితే నేల కాలుతుంది, నీళ్ల సీసాలు తప్పకుండా పెట్టుకోండి. బయట చేప వేపుడుతో భోజనం 180, దానికి వంక పెట్టలేం.

తిరుగు దారిలో లాడ్జి కనబడగానే అమ్మ, "బండాపు. గా కుందేలు కథ ఆనికి గూడ చెప్పొస్త" అంది.

నేను ఆపలేదు.